పిల్లలతో కోనసీమ: మా తమ్ముడు వేసిన ప్లాన్

అమెరికా స్కూళ్ల సెలవులకీ గోదావరి జిల్లాల రుచులకీ అస్సలు పడదు. జూన్‌లో బడి మూసేసి మనం విమానం ఎక్కేసరికి అక్కడ తాటిముంజలు ముదిరిపోతాయి, బంగినపల్లి అయిపోవస్తుంది. డిసెంబర్‌లో వెళ్తే కాల్చిన తేగలు దొరుకుతాయి గానీ, జనవరి మొదట్లోనే బడి తెరిచేస్తారు కాబట్టి సంక్రాంతి దక్కదు. కనుమ నాడు జగ్గన్నతోటలో ఏకాదశ రుద్రుల ప్రభలన్నీ (వెదురుతో కట్టి అలంకరించి, భుజాల మీద మోసుకొచ్చేవి) ఒకచోట చేరే తీర్థాన్ని, అంటే జాతరని, మా పిల్లలు ఇప్పటిదాకా ఫోన్‌లోనే చూశారు.

కాబట్టి టికెట్లు కొనేటప్పుడే, మీరు దిగే నెలలో అక్కడ ఏం తింటారో, ఏ దారి తెరిచి ఉంటుందో అక్కడివాళ్లనే అడగాలి. మాకు ఆ మనిషి మా పిన్ని కొడుకు. రావులపాలెంలో ఉంటాడు, కొబ్బరి వ్యాపారం. నేను వాట్సాప్‌లో పంపిన లిస్టులో ద్రాక్షారామం, సామర్లకోట, పాలకొల్లు, అయినవిల్లి, అంతర్వేది, మధ్యలో నలుగురు పెద్దమ్మల ఇళ్లు ఉన్నాయి. చూసి ఫోన్ చేశాడు. "అక్కా, ఇది పిల్లలకా, నీ మొక్కులకా?" అన్నాడు. తర్వాత వాడే ప్లాన్ వేశాడు. పూటకి ఒక చోటు. గుడి ఉంటే దాంతోపాటు ఒక తిండి, అదీ తయారయ్యే చోట. చుట్టాలందర్నీ ఒక రోజు మా పిన్ని వాళ్లింటికే పిలిచేయడం. ఈ చివరిదానికి మా పెద్దమ్మ ఒకావిడ ఇంకా మూతి ముడుచుకునే ఉంది, కానీ పిల్లలకి ప్రాణం లేచొచ్చింది.

ఆత్రేయపురం పూతరేకులు న్యూజెర్సీలో కూడా దొరుకుతాయి. ఎవరో ఒకరు తెస్తూనే ఉంటారు. మా అమ్మాయి వాటిని 'పేపర్ స్వీట్' అని పక్కన పెట్టేది. ఊళ్లో ఒక ఇంటి వసారాలోకి తీసుకెళ్లాడు తమ్ముడు. బోర్లించిన కుండ, దాని కింద ఎండుటాకుల మంట, పక్కన గిన్నెలో పాలలా పల్చగా రుబ్బిన బియ్యప్పిండి. ఆవిడ పల్చటి గుడ్డని ఆ పిండిలో ముంచి, కుండ మీద పరిచి ఒక్క లాగు లాగింది. చుయ్‌మంది. రెండు క్షణాల్లో అంచు దానంతట అదే లేచింది, వేళ్లతో ఊడదీస్తే అవతలి మనిషి కనిపించేంత పల్చటి రేకు. మా అమ్మాయి నోరు తెరుచుకుని చూస్తుంటే ఆవిడ, "రండి పాపగారూ, మీరూ ఒకటి తీయండి" అంది. అక్కడ పసివాళ్లనీ 'అండీ' అనే పిలుస్తారు. దానికే మా పిల్ల సగం పడిపోయింది. అది తీసిన రేకు ముక్కలైపోయింది, ఆ ముక్కల మీదే నెయ్యి, బెల్లప్పొడి చల్లి చేతిలో పెట్టారు. 2023లో ఈ పూతరేకులకి భౌగోళిక గుర్తింపు వచ్చిందని నేను చెప్పబోతే ఎవరూ వినలేదు.

పొద్దున్న టిఫిన్‌కి అంబాజీపేట వెళ్లి పొట్టిక్కలు తినండి. పొట్టిక్కలంటే పనసాకుల్ని పుల్లలతో బుట్టలా కుట్టి, అందులో ఇడ్లీ పిండి పోసి ఆవిరి మీద ఉడికించినవి. కారం ఉండదు, ఆకు వాసన పట్టి ఉంటుంది. చట్నీ ముట్టని పిల్లలు కూడా నెయ్యి వేస్తే తినేస్తారు. మన పిల్లలకి కారం అలవాటు చేయాలని పంతం పట్టే తల్లిదండ్రుల్ని చూస్తుంటాను. సెలవుల్లో ఆ పరీక్షలు ఎందుకు? కాచిన నీళ్లు, సంచిలో ఓఆర్ఎస్ ప్యాకెట్లు, మొదటి రెండు రోజులు ముద్దపప్పూ నెయ్యీ. అంతకుమించి ఏమీ అక్కర్లేదు.

వానాకాలంలో వెళ్తే పులస పేరు ఎత్తకుండా ఎవరూ ఉండరు. వరద నీటికి ఎదురీదుతూ సముద్రం నుంచి గోదావరిలోకి వచ్చే చేప. పుస్తెలమ్మైనా తినాలంటారు, ధర కూడా ఆ మాటకి తగ్గట్టే వేలల్లో పలుకుతుంది. పిల్లలకి మాత్రం వద్దు. ముళ్లు ఎక్కువ. ముల్లు తీసుకుని తినడం చిన్నప్పటినుంచీ వచ్చినవాళ్లకే ఆ పులుసు మజా. పెద్దవాళ్లు తినండి, పిల్లలకి వేయించిన రొయ్యలు పెట్టించండి.

ధవళేశ్వరం మాత్రం పెద్ద పిల్లలుంటే వదలొద్దు. మా వాడు ఎనిమిదో తరగతి. ఇండియాని బ్రిటిష్ వాళ్లు ఎలా పిండుకున్నారో వాడికి నేనే చెబుతుంటాను. అలాంటిది అక్కడ గోదావరి మీద ఆనకట్ట కట్టించిన కాటన్ దొర విగ్రహానికి దండ చూసి, "ఈయన కూడా వాళ్ల మనిషే కదా, మరి ఈ పూలేంటి?" అని నిలదీశాడు. తమ్ముడు నవ్వి, "అల్లుడూ, రా" అని లాకుల దగ్గరికి తీసుకెళ్లి, కాలువ ఎటు పోతుందో చూపించాడు. ఆ నీళ్లే వాళ్ల తాత పొలానికి. 1847లో మొదలుపెట్టి 1852కి ఆనకట్ట పూర్తి చేశారు. ఇప్పుడున్న బ్యారేజీ తర్వాత కట్టింది. నీళ్లొచ్చాక ఈస్టిండియా కంపెనీకి శిస్తు పెరిగింది, రైతు గాదెలోకి గింజలూ వచ్చాయి. రెండూ నిజమేనా అని కారులో అడిగాడు. నిజమే అన్నాను. వాడికి ఆ జవాబు నచ్చలేదు, రాజమండ్రి దాకా వాదిస్తూనే ఉన్నాడు. అక్కడ రోజ్ మిల్క్ తాగుతూ కూడా.

పాపికొండల బోటు మీద మరీ ఆశ పెట్టుకోకండి. వరదలొస్తే ఆపేస్తారు. 2019 సెప్టెంబర్‌లో కచ్చులూరు దగ్గర బోటు మునిగిన సంగతి అందరికీ తెలిసిందే. నడిచే రోజుల్లో వెళ్లినా, పిల్లల సైజు లైఫ్ జాకెట్ ఉందా అని టికెట్ కొనక ముందే అడగండి, లేదంటే వెనక్కి వచ్చేయండి. దాని బదులు కాకినాడ దగ్గరి కోరింగ మడ అడవులు మాకు బాగా కుదిరాయి. చెక్క వంతెన మీద నడక, కింద బురదలో పీతలు. దోమల క్రీమ్ తప్పనిసరి.

తిరుగు ప్రయాణంలో కాజాలు ఎలా సర్దినా వస్తాయి. పూతరేకులు మాత్రం గట్టి డబ్బాలో పెట్టి చేతిసంచిలోనే తెచ్చుకోవాలి, పెద్ద సూట్‌కేసులో వేస్తే పొడే మిగులుతుంది. ప్రేమగా కోడి పచ్చడి కట్టిస్తానన్న అత్తయ్యకి ముందే దండం పెట్టేయండి. మాంసం ఉన్నవి అమెరికా కస్టమ్స్ వాళ్లు రానివ్వరు.