ఫుషిమి కాలువ గట్టున

మండపేట దగ్గర మా ఊరి కాలువ గట్టున తాతగారి రైస్ మిల్లు ఉండేది. పదేళ్ల క్రితం దాన్ని పడగొట్టించి మేమే కల్యాణ మండపం కట్టించాము. జపాన్‌లో క్యోటోకు దక్షిణాన ఉన్న ఫుషిమిలో ఆ మిల్లు గుర్తుకు రావడానికి కారణం కూడా ఒక కాలువే. గట్టు వెంట విల్లో చెట్లు, వాటి వెనుక కాల్చి నలుపెక్కించిన చెక్క గోడల గిడ్డంగులు కనిపిస్తాయి. పర్యాటకులను తిప్పే పడవను 'జిక్కోకుబునె' అంటారు, అంటే పది కొకుల బియ్యం పట్టే పడవ. కొకు సుమారు 150 కిలోలు కనుక, మన లెక్కలో ఇరవై బస్తాలు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యాక మన కాలువల్లో ధాన్యం పడవలు తిరిగినట్టే, ఇక్కడి బియ్యమూ సాకె పీపాలూ ఒకప్పుడు నీటి మీదనే ఒసాకాకు సాగేవి.

సాకె బియ్యంతో చేసే మద్యం. సారాలాగా బట్టీ పెట్టి దించేది కాదు, కల్లులాగా పులిసేది. 1637లో మొదలైన గెక్కెయికాన్ సంస్థ 1909 నాటి కట్టడాన్ని 1982లో మ్యూజియంగా మార్చింది. 1919లో కట్టిన వారి పాత కార్యాలయంలో ఇప్పుడు కాఫీ, స్థానిక సరుకులు అమ్ముతున్నారు. నేను ఎక్కువసేపు కూర్చున్నది మాత్రం 'తోరిసెయి' భోజనశాలలో. 1677 నుంచి సాకె చేస్తున్న యమమోతో హోంకె వారి పాత గిడ్డంగి అది. బొగ్గుల మీద కాల్చిన కోడిమాంసానికి పేరు పడింది. దూలాలను సీలింగు వేసి కప్పేయలేదు, మా మిల్లుకూ అలాంటి దూలాలే ఉండేవి, వాటిని కలప వ్యాపారికి తూకానికి అమ్మాము. ఆవరణలోని ఊటనీటిని ఊరివాళ్లు సీసాలతో పట్టుకుపోతున్నారు. ఫుషిమి సాకె మెత్తగా ఉండడానికి ఈ నీరే కారణమని చెబుతారు.

నాన్నగారికి ఫోనులో ఇవన్నీ చెప్పాను కానీ, ఆయన చెవిన పడ్డది ఒక్కటే: 'దైగింజో' అనే మేలురకానికి బియ్యపు గింజను సగమో, అంతకన్నా ఎక్కువో అరగదీస్తారన్న మాట. గింజ పైభాగంలోని మాంసకృత్తులు, కొవ్వు రుచిని చెడగొడతాయనీ, వారికి కావలసింది నడుమనున్న పిండిపదార్థమేననీ వివరించాను. పాలిష్‌లో నూటికి పది పోతేనే గుండె తరుక్కుపోయే మిల్లరు ఆయన.

"సగమా! మరి ఆ తౌడంతా ఏం చేస్తార్రా?" అన్నారు.

పైన వచ్చే ముదురు తౌడు నూనెకూ, పశువుల దాణాకూ పోతుందనీ, లోపలి తెల్లటి పిండిని బియ్యపు అప్పడాలవంటి సెంబెయి చేసేవాళ్లు కొంటారనీ చెప్పాక గానీ ఆయన కుదుటపడలేదు.