రాయుడికి దక్కని టెస్టు

వన్డేలలో రాణించి ఒక్క టెస్టు కూడా ఆడనివారి ప్రస్తావన వచ్చినప్పుడల్లా 123 వన్డేలు ఆడిన వెస్టిండీస్ ఆటగాడు కీరన్ పొలార్డ్ పేరు తప్పక వినిపిస్తుంది. పొలార్డ్ మొదటినుంచీ మెరుపు బ్యాటింగుకే పేరుపడ్డ ఆటగాడు కనుక ఆయనకు టెస్టు పిలుపు రాకపోవడం నాకు వింతగా తోచదు. మన హైదరాబాద్ జట్టులో ఎదిగిన అంబటి రాయుడి సంగతి అలాంటిది కాదు.

2002లో, పదిహేడేళ్ల వయసులో, ఆయన ఒకే రంజీ మ్యాచ్‌లో 210, అజేయంగా 159 పరుగులు చేశారు. (గుంటూరులో పుట్టినవాడు ఆ పని ఆంధ్ర జట్టు మీదే చేయడం వేరే ముచ్చట.) గంటల తరబడి క్రీజులో నిలవగల ఓపికకు అంతకు మించిన రుజువు అక్కరలేదు. 2004 అండర్-19 ప్రపంచకప్‌లో భారత జట్టుకు నాయకత్వం వహించిన ఆ కుర్రవాడు 2007లో భారత క్రికెట్ బోర్డు గుర్తింపు లేని ఇండియన్ క్రికెట్ లీగ్‌లో చేరి బోర్డు ఆగ్రహానికి గురయ్యారు. 2009లో క్షమాభిక్ష దొరికినా, టెస్టు మిడిలార్డర్‌లో ద్రావిడ్, సచిన్, లక్ష్మణ్ ఇంకా పాతుకుని ఉన్నారు. వారు తప్పుకునే వేళకు పుజారా, కోహ్లీ, రహానే వరుసలో ముందున్నారు. రాయుడు 2013 జులైలో హరారేలో తొలి వన్డే ఆడి, అజేయంగా 63 పరుగులు చేసేసరికి ఆయనకు ఇరవై ఏడేళ్లు నిండాయి.

విశాఖ ఆటగాడు వేణుగోపాలరావు 16 వన్డేలతో, హైదరాబాద్ స్పిన్నర్ నోయెల్ డేవిడ్ నాలుగింటితో టెస్టు ఆడకుండానే ఆగిపోయారు. కానీ 55 వన్డేలలో మూడు శతకాలతో, 47కు పైగా సగటుతో 1694 పరుగులు చేసిన వ్యక్తిని వారి సరసన చేర్చి సరిపెట్టుకోవడానికి నాకు మనసొప్పదు. 134 టెస్టులు ఆడిన మన లక్ష్మణ్‌కు ఒక్క ప్రపంచకప్ మ్యాచ్ కూడా దక్కలేదని నగరంలో ఇప్పటికీ వాపోయేవారున్నారు. రాయుడికైతే టెస్టూ లేదు, ప్రపంచకప్ మ్యాచ్‌ కూడా లేదు: 2015లో జట్టులో ఉండి కూడా బరిలోకి దిగలేదు, 2019లో అసలు ఎంపికే కాలేదు.

2018 అక్టోబరు చివర ముంబయిలో వెస్టిండీస్‌పై శతకం కొట్టిన కొద్ది రోజులకే, పరిమిత ఓవర్ల ఆట మీద దృష్టి పెట్టడానికి ఆయన టెస్టులకు దారితీసే రోజుల తరబడి ఆటకు, అంటే ఫస్ట్‌క్లాస్ క్రికెట్‌కు, స్వస్తి చెప్పారు. దాన్ని తొందరపాటు అన్నవారున్నారు. ముప్పై మూడేళ్ల వయసులో, టెస్టు పిలుపు వచ్చే సూచనలేవీ లేనప్పుడు, చేతిలో ఉన్న వన్డే బ్యాటింగు వరుసలోని నాలుగో స్థానాన్ని కాపాడుకోవాలనుకోవడం నా లెక్కలో సబబైన నిర్ణయమే. ప్రపంచకప్ జట్టులో ఆ స్థానానికి సెలెక్టర్లు మరుసటి ఏప్రిల్‌లో విజయ్ శంకర్‌ను ఎంచుకున్నారు.