సెయింట్ లూయిస్ వస్తున్నారా? డబ్బు ఎక్కడ మిగులుతుంది, ఎక్కడ పోతుంది

అమెరికాలో షికాగో నుంచి ఐ-55 హైవే మీద ఐదు గంటలు దక్షిణానికి వస్తే సెయింట్ లూయిస్. ఆమ్‌ట్రాక్ రైల్లో వచ్చినా ఇంచుమించు అంతే సమయం. చాలామంది గేట్‌వే ఆర్చ్ అనే పెద్ద తోరణం ఎక్కి, దాని కింద ఫోటో దిగి, భోంచేసి సాయంత్రానికే తిరుగు ప్రయాణం కడతారు. అలా వెళ్తే ఊళ్లో టికెట్ ఉన్నది చూసి, టికెట్ లేనివన్నీ వదిలేసినట్టే. ఇక్కడ గొప్పవన్నీ టికెట్ లేనివాటిలోనే ఉన్నాయి.

అవి ఉచితం కావడం వెనక స్థానికుల పన్ను ఉంది. జూకీ, ఆర్ట్ మ్యూజియానికీ, సైన్స్ మ్యూజియానికీ ఆస్తి పన్నులో కొంత ఇవ్వడానికి సిటీ, పక్కనున్న కౌంటీ ఓటర్లు 1971లో ఒప్పుకున్నారు. బొటానికల్ గార్డెన్, హిస్టరీ మ్యూజియం ఆ తర్వాత చేరాయి. ఇల్లున్న ప్రతివాళ్లూ ఏటా కట్టే ఆ పన్ను వల్లే బయటి ఊరివాళ్లు కూడా జూలోకి డబ్బు కట్టకుండా నడిచి వెళ్లగలుగుతున్నారు. బొటానికల్ గార్డెన్‌లో మాత్రం బయటివాళ్లకు టికెట్ ఉంది.

కాబట్టి రెండు రోజులుంటే ఒక రోజంతా జూ, మ్యూజియాలు ఉన్న ఫారెస్ట్ పార్కుకే ఇవ్వండి. దాదాపు 1,300 ఎకరాల పార్కు, న్యూయార్క్ సెంట్రల్ పార్కు కంటే పెద్దది. 1904 ప్రపంచ ప్రదర్శన జరిగింది ఇక్కడే. కొండ మీది ఆర్ట్ మ్యూజియం భవనం అప్పుడు కట్టిందే. జూలో ఉన్న పెద్ద పక్షుల పంజరమూ ఆ ప్రదర్శన కోసం స్మిత్‌సోనియన్ సంస్థ కట్టించింది, తర్వాత నగరం కొనుక్కుంది. పక్షులు ఎగురుతుంటే మనం దాని లోపల నడవొచ్చు.

జూ ప్రవేశం ఉచితమే కానీ దాని పార్కింగ్ లాటుకు డబ్బు కట్టాలి. అది అక్కర్లేకుండా పార్కు లోపలి రోడ్ల పక్కన కారు ఉచితంగా ఆపుకోవచ్చు. వారాంతంలో, వేసవి సెలవుల్లో ఆ జాగాలు పొద్దున్నే నిండిపోతాయి. తొమ్మిదిన్నర లోపు చేరితే దొరుకుతాయి, పదకొండుకు వస్తే లాటే గతి. లోపల చిన్న రైలు, కొన్ని ప్రత్యేక ప్రదర్శనలకు విడిగా టికెట్లున్నాయి. పిల్లలతో వెళ్తుంటే వాటిలో ఏవి కావాలో గేటు దగ్గరే తేల్చుకోండి, లేకపోతే ఒక్కోచోట కొంటూ పోయి "ఉచిత" జూలో నలుగురికి కలిపి వంద డాలర్ల దాకా వదిలిపోతుంది. నీళ్లు, తిండి ఇంటి నుంచి తెచ్చుకోండి. ఏనుగులున్న రివర్స్ ఎడ్జ్ వైపు పొద్దున్నే వెళ్లండి, ఎండ ముదిరాక జంతువులు నీడలోకి పోతాయి. పెంగ్విన్‌ల గది లోపల చలి గట్టిగానే ఉంటుంది, పసిపిల్లలుంటే జూలైలోనైనా పల్చటి స్వెటర్ ఉంచుకోండి.

ఆర్ట్ మ్యూజియానికీ హిస్టరీ మ్యూజియానికీ సోమవారం సెలవు. ఒక్క సోమవారమే చేతిలో ఉంటే జూ, ఆర్చ్ పెట్టుకుని ఈ రెండు మ్యూజియాలనూ ఇంకోసారికి ఉంచుకోండి. ఆర్ట్ మ్యూజియంలో టికెట్ పెట్టే ప్రత్యేక ప్రదర్శనలు శుక్రవారం ఉచితం.

వేసవిలో సాయంత్రం అక్కడే ఉండిపోవడం మంచిది. పార్కులోనే మ్యూనీ అనే ఆరుబయటి రంగస్థలం ఉంది, దాదాపు 11,000 సీట్లు. వెనక వరసల్లో సుమారు 1,500 సీట్లు ప్రతి ప్రదర్శనకూ ఉచితం. ముందొచ్చినవాళ్లకు ముందు. ఆట ఎనిమిదింబావుకు, ఉచిత సీట్ల గేటు ఏడింటికి తీస్తారు. పేరున్న నాటకమైతే ఆరింటికే వరుస మొదలవుతుంది. అంత వెనక నుంచి ముఖాలు కనిపించవు, బైనాక్యులర్ తెచ్చుకోండి. పులిహోర డబ్బాతో వెళ్లినా ఎవరూ ఆపరు, గాజు సీసాలు మాత్రం వద్దు.

ఇక ఆర్చ్. ఎత్తు 630 అడుగులు, రెండు కాళ్ల మధ్య దూరమూ సరిగ్గా 630 అడుగులే. ఈరో సారినెన్ గీసిన ఈ కట్టడం 1965 అక్టోబర్ 28న పూర్తయింది. కింద నేలలో ఉన్న మ్యూజియం ఉచితం, పైకి వెళ్లే ట్రాముకే టికెట్. ఒక్కో గుళికలో (కూర్చునే చిన్న డబ్బాలో) ఐదుగురు, ఒక ట్రాముకు ఎనిమిది గుళికలు. పైకి నాలుగు నిమిషాలు, కిందికి మూడు. గుళిక తలుపు ఎత్తు నాలుగడుగులే, బాగా వంగి దూరాలి. పైన కిటికీలు జానెడు ఎత్తు కూడా ఉండవు. అమ్మానాన్నల్ని తీసుకెళ్లేవాళ్లు ఒకటి ముందే తెలుసుకోవాలి. ట్రాము ఉన్నా మొత్తం మీద కనీసం 96 మెట్లు ఎక్కి దిగాలి, పైగా నిలబడి ఎదురుచూడటం. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు, మూసిన చోటంటే భయపడేవాళ్లకు ఇది కష్టం. మ్యూజియంలో గుళిక నమూనా ఉంది, టికెట్ కొనేముందు అందులో ఒకసారి కూర్చోబెట్టి చూడండి.

శనివారం ట్రాము టికెట్లు మధ్యాహ్నానికే అయిపోతుంటాయి, ముందే ఆన్‌లైన్‌లో కొనాలి. విమానాశ్రయంలోలా తనిఖీ ఉంటుంది కాబట్టి టికెట్ మీది సమయానికి అరగంట ముందు గేటు దగ్గరుండండి. నేషనల్ పార్కుల ఏడాది పాస్ ఉంటే టికెట్లో కలిసి ఉన్న ప్రవేశ రుసుము మేరకు తగ్గుతుంది, ట్రాము డబ్బు తగ్గదు. ఆర్చ్‌కు సొంత పార్కింగ్ లేదు. కార్డినల్స్ బేస్‌బాల్ ఆట ఉన్న రోజు చుట్టుపక్కల గ్యారేజీల ధర బాగా పెరుగుతుంది, ఆ రోజు రైలే మేలు.

ఆర్చ్ ఎదురుగా ఉన్న పాత కోర్టుహౌస్‌ను దాటిపోకండి. డ్రెడ్ స్కాట్, ఆయన భార్య హ్యారియెట్ బానిసత్వం నుంచి విడుదల కోరుతూ 1846లో కేసు వేశారు, విచారణలు జరిగింది ఈ భవనంలోనే. 1857లో సుప్రీంకోర్టు వాళ్లకు వ్యతిరేకంగా ఇచ్చిన తీర్పు అంతర్యుద్ధానికి దారితీసిన కారణాల్లో ఒకటి. ఉచితమే. ఆర్చ్ కంటే దీని దగ్గరే ఎక్కువసేపు నిలబడాలని నా అభిప్రాయం.

కారు లేకుండా తిరగడం కొంతవరకు కుదురుతుంది. మెట్రోలింక్ అనే నగర రైలు రెడ్ లైన్ విమానాశ్రయం రెండు టెర్మినళ్ల నుంచీ బయల్దేరి ఫారెస్ట్ పార్కు, సెంట్రల్ వెస్ట్ ఎండ్, యూనియన్ స్టేషన్, స్టేడియం మీదుగా ఆర్చ్ పక్కనున్న లక్లీడ్స్ ల్యాండింగ్ దాకా వెళ్తుంది. ఫారెస్ట్ పార్కు స్టేషన్లో దిగితే హిస్టరీ మ్యూజియం ఐదారు నిమిషాల నడక. జూ మాత్రం అక్కడి నుంచి మైలు పైనే, పిల్లలుంటే బస్సు ఎక్కండి. సెంట్రల్ వెస్ట్ ఎండ్‌లో దిగి పెద్ద క్యాథలిక్ చర్చికి వెళ్లండి. గోడలు, గుమ్మటాల నిండా 4 కోట్లకు పైగా గాజు ముక్కలతో మొజాయిక్ పరిచారు. 1912లో మొదలైన పని 1988లో ముగిసింది. లోపలికి ఉచితం, ప్రార్థన జరిగే వేళ తప్పించి వెళ్లాలి.

గది ఎక్కడ తీసుకోవాలి? డౌన్‌టౌన్ హోటల్ ధర చౌకగా కనిపిస్తుంది, దానికి రాత్రి పార్కింగ్, హోటల్ పన్నులు కలిపి చూడండి. పైగా ఆఫీసులు మూశాక అక్కడి వీధులు ఖాళీ. సెంట్రల్ వెస్ట్ ఎండ్‌లో సాయంత్రం నడవడానికి మనుషులూ, తినడానికి హోటళ్లూ ఉంటాయి. కారు ఉంటే పశ్చిమ శివార్లలో గదులు ఇంకా చౌక, పార్కింగ్ ఉచితం. వైడ్‌మన్ రోడ్డులోని హిందూ దేవాలయం కూడా అటువైపే. స్థానికులు ఐ-64ను "ఫార్టీ" అంటారు, దారి అడిగితే తికమక పడకండి.

భద్రత గురించి అందరూ అడుగుతారు. సిటీ 1876లోనే కౌంటీ నుంచి విడిపోయింది. 1950లో 8,56,796 మంది ఉన్న సిటీలో 2020 నాటికి మిగిలింది 3,01,578 మంది. నేరాల లెక్కలు ఆ చిన్న సిటీకే వేస్తారు, శివార్లు అందులో కలవవు, అందుకే అంకెలు అంత భయపెడతాయి. పర్యాటకులకు ఎక్కువగా జరిగేది కారు అద్దం పగలడం. సీటు మీద ఛార్జర్ తీగ కూడా కనపడనివ్వకండి, బ్యాగులు బయల్దేరే చోటే డిక్కీలో పెట్టేయండి, దిగిన చోట పెడితే చూసేవాళ్లు చూస్తారు. మిసిసిపీ నది మీది పాత చెయిన్ ఆఫ్ రాక్స్ వంతెన మీద నడవాలంటే కారు ఇల్లినాయ్ వైపు ఆపుకోండి.

తిండిలో టోస్టెడ్ రావియోలి ఈ ఊరిదే. పేరులో ఎక్కడా లేకపోయినా లోపల సాధారణంగా గొడ్డు మాంసం ఉంటుంది, తినని వాళ్లు అడిగి తీసుకోండి. అప్పడంలా పల్చటి పిజ్జా మీద వేసే ప్రొవెల్ చీజ్ కొందరికి నచ్చదు, ముందు చిన్నది చెప్పి చూడండి. చిప్పెవా వీధిలో టెడ్ డ్రూస్ దుకాణం వాళ్ల గట్టి కస్టర్డ్ "కాంక్రీట్" కప్పు తలకిందులు చేసినా జారదు. ఐస్‌క్రీమ్ అనుకుని గుడ్డు తినని తాతయ్యకు ఇవ్వకండి, కస్టర్డ్‌లో గుడ్డు పచ్చసొన ఉంటుంది. శాకాహారులకు సౌత్ గ్రాండ్ వీధిలోని వియత్నాం, థాయ్ హోటళ్లు నయం, చేప సాస్ వద్దని చెప్పాలి. బిల్లు మీద పన్నే పది శాతం దాటుతుంది, టిప్పు అది కాక.

కారుంటే నది దాటి పావుగంటలో కహోకియా. వెయ్యేళ్ల కిందట ఇక్కడ పదివేల మందికి పైగా ఉన్న నగరం ఉండేది. మాంక్స్ మౌండ్ వంద అడుగుల మట్టి దిబ్బ. 2 కోట్ల 20 లక్షల ఘనపుటడుగుల మట్టిని బుట్టలతో మోసి పోశారు. 150 పైన మెట్లు, పైన చెట్టు నీడ లేదు. జూలైలో పొద్దున తొమ్మిది లోపే ఎక్కి దిగండి, మనిషికో లీటరు నీళ్లు పట్టుకెళ్లండి. టికెట్ లేదు, విరాళం పెట్టె ఉంది. పైకెక్కి పడమటికి చూస్తే ఆర్చ్ కనిపిస్తుంది.

ఏప్రిల్, మే, సెప్టెంబర్, అక్టోబర్ మంచి నెలలు. నెలలో మొదటి సోమవారం పదకొండింటికి టోర్నడో హెచ్చరిక సైరన్లు మోగితే అది పరీక్ష. మరే వేళ మోగినా కిటికీలు లేని కింది అంతస్తులోకి వెళ్లాలి. 2025 మే 16న టోర్నడో ఫారెస్ట్ పార్కు చెట్లనూ ఉత్తరం వైపు ఇళ్లనూ కూల్చింది. సైరన్‌నే నమ్ముకోకుండా ఫోన్లో వాతావరణ హెచ్చరికలు తెరిచి ఉంచండి.