దేనికది బానే ఉంది, కలిపితేనే గొడవ

నేను చూసుకునే పేజీ ఒక ట్రావెల్స్ వాళ్లది. అడుగున ఎప్పటిదో జేక్వెరీ (పాత జావాస్క్రిప్టు లైబ్రరీ), బూట్‌స్ట్రాప్ 3 (పేజీ రూపానికి రెడీమేడ్ సీఎస్ఎస్). దాని మీద బస్సులో సీటు ఎంచుకునే పటం ఒక టీము యాంగ్యులర్‌లో, అంటే పేజీ భాగాలు కట్టే ఒక జావాస్క్రిప్టు సాధనంలో, చేసిచ్చింది. టూర్ ప్యాకేజీల ఫారం ఇంకో టీము చేసింది, అదీ యాంగ్యులరే. కుడివైపు కింది మూల చాట్ డబ్బా మాత్రం వ్యూ, అలాంటిదే ఇంకో సాధనం. మూడూ కస్టమ్ ఎలిమెంట్లే, అంటే చేసినవాళ్లే పేరు పెట్టుకునే సొంత హెచ్‌టీఎంఎల్ ట్యాగులు. ఒక స్క్రిప్టు, ఒక ట్యాగు పెట్టేస్తే చాలు అన్నారు. 2018లో యాంగ్యులర్ 6తో పాటు, యాంగ్యులర్ భాగాన్ని ఇలాంటి ట్యాగుగా మార్చే ఎలిమెంట్స్ వచ్చినప్పటి నుంచి ఇలా తలా ఒక ముక్క చేయించుకుని అతికించడం బాగా అలవాటైంది.

"అక్కా, సీట్లు రావట్లేదు" అని మా టెస్టర్ కుర్రాడు ఫోన్. నేను తెరిస్తే సీట్లు నిక్షేపంగా ఉన్నాయి, ఫారం లేదు. రిఫ్రెష్ కొడితే ఫారం ఉంది, సీట్లు లేవు. రెండు టీములనూ ఒకే కాల్‌లో కూర్చోబెడితే ఇద్దరిదీ ఒకటే మాట, "మా దగ్గర బానే వస్తోందండీ." నిజమే, విడిగా దేనికది బానే వస్తుంది. అలాంటప్పుడు ఎవరి కోడ్‌లో తప్పుందని వెతకడం దండగ. పోర్షన్లున్న ఇంట్లో నీళ్ల మోటారు ఒక్కటే ఉన్నట్టు, పేజీలో కూడా అందరికీ కలిపి ఒక్కటే ఉండే వస్తువులు కొన్ని ఉంటాయి. ముందు వాటిని చూడాలి: విండో (స్క్రిప్టులన్నీ పంచుకునే వస్తువు), డాక్యుమెంట్ (పేజీ మొత్తం), కస్టమ్ ఎలిమెంట్ల రిజిస్ట్రీ (వాటి పేర్లు నమోదయ్యే పట్టిక), అన్నిటికీ పైనుండే హెచ్‌టీఎంఎల్ ట్యాగు.

బ్రౌజర్ ఎర్రర్లు చూపే కన్సోల్‌లో ఎర్ర గీత ఒకటి ఉంది. సీట్ల ఎలిమెంట్ పేరు రిజిస్ట్రీలో ముందే వాడేశారని దాని ఫిర్యాదు. ఒకసారి నమోదైన పేరును తీసేయడానికీ మార్చడానికీ వీల్లేదు, రెండోసారి డిఫైన్ చేస్తే ఎర్రర్ వస్తుంది. అది చూడగానే ఎవరైనా స్క్రిప్టు రెండుసార్లు పెట్టారనుకుంటారు. సోర్సు అంతా గాలించాం, ఒక్కసారే ఉంది. నెట్‌వర్క్ ట్యాబ్‌లోనూ ఫైలు ఒక్కసారే దిగింది. మరి రెండోసారి నడిపిందెవరు?

ఫారం నడిపింది. రెండూ వెబ్‌ప్యాక్‌తో, అంటే కోడ్ ఫైళ్లను మూటగట్టే సాధనంతో, కట్టినవే. వెబ్‌ప్యాక్ తన చంక్ ఫైళ్లను (కోడ్ ముక్కలను) విండో మీద ఒక వరుసలో పెట్టుకుని, అక్కడి నుంచి తీసి నడుపుతుంది. వెబ్‌ప్యాక్ 4 దాకా మనం మార్చకపోతే ఆ వరుస పేరు అన్ని ప్రాజెక్టులకూ ఒకటే. 2020లో వచ్చిన వెబ్‌ప్యాక్ 5 ప్రాజెక్టు పేరును తోక తగిలించి విడదీసింది. మా దురదృష్టం, ఇద్దరూ తమ ప్రాజెక్టుకు 'విడ్జెట్' అనే పెట్టుకున్నారు. దాంతో వెనక వచ్చిన స్క్రిప్టు, ముందు వచ్చినవాడు పెట్టిన చంకులు కూడా తనవే అనుకుని మళ్లీ మొదటి నుంచి నడిపేస్తోంది. ఎలిమెంట్ రెండోసారి నమోదు కాబోయి ఎర్రర్ కొట్టి, ఆ దెబ్బకి వెనకవాడు అక్కడే పడిపోతున్నాడు. ఏ ఫైలు ముందు దిగితే అది బతుకుతుంది. కన్సోల్‌లో విండో మీదున్న పేర్లలో వెబ్‌ప్యాక్ అని వెతికితే రెండు వరుసలు ఉండాల్సిన చోట ఒక్కటే కనిపించింది. ఫారం టీము తమ ప్రాజెక్టు పేరు మార్చి కొత్త బిల్డ్ పంపింది, అయిపోయింది. ఎర్రర్ ఎత్తి చూపింది సీట్ల పేరును, మార్చింది ఫారం ప్రాజెక్టు పేరును!

తర్వాత చాట్ డబ్బా. అక్షరాలు చీమల్లా వచ్చాయి. "షాడో డామ్‌లో పెట్టాం, మీ సీఎస్ఎస్ మాకు తగలదు" అని వాళ్ల వాదన. షాడో డామ్ అంటే ఎలిమెంట్ లోపలి భాగాన్ని గోడ కట్టి పేజీ నుంచి వేరు చేయడం. సెలెక్టర్ల (ఏ రూపం ఏ ట్యాగుకో చెప్పే సీఎస్ఎస్ మాటల) వరకు నిజమే. కానీ వాళ్ల కొలతలన్నీ రెమ్‌లలో ఉన్నాయి. రెమ్ చూసేది పేజీ మొత్తానికీ ఉన్న హెచ్‌టీఎంఎల్ ట్యాగు ఫాంట్ సైజును, దానికి షాడో గోడ అడ్డు రాదు. బ్రౌజర్ మామూలుగా ఇచ్చేది 16 పిక్సెల్స్. బూట్‌స్ట్రాప్ 3 దాన్ని 10 చేస్తుంది. వాళ్లు 1 రెమ్ అని రాసిన ప్రతిదీ మా పేజీలో 10 పిక్సెల్స్ అయింది, 24 ఉండాల్సిన శీర్షిక 15కి దిగింది. మా వైపు 16 చేద్దామంటే, ఈ సైటు థీమ్ రాసిన మహానుభావుడు ఆ 10ని నమ్ముకుని 1.4 రెమ్ అని అన్ని చోట్లా పెట్టుకుపోయాడు. ముట్టుకుంటే మొత్తం ఉబ్బుతుంది. చివరికి చాట్ వాళ్లే బిల్డ్‌లో రెమ్‌లను పిక్సెల్స్‌గా మార్చే ప్లగిన్ వేశారు. నాకు పూర్తిగా నచ్చలేదు. చూపు మందగించి బ్రౌజర్‌లో అక్షరాల సైజు పెంచుకున్న పెద్దవాళ్లకు, రేపు ఈ థీమ్ పోయినా, ఆ డబ్బాలో పెరగదు. పాత థీమ్ పోయేదాకా ఇంతకన్నా దారి లేదు.

చిన్నవి కూడా ఉన్నాయి. సీటు నొక్కితే ఛార్జీ మారట్లేదన్నారు. మా జేక్వెరీ డాక్యుమెంట్ మీద కూర్చుని వింటోంది. యాంగ్యులర్ ఎలిమెంట్ పంపే ఈవెంట్ ఆ ట్యాగు మీదే మోగి ఆగుతుంది, పైనున్న ట్యాగులకు పాకదు, అంటే బబుల్ కాదు. వినేవాణ్ణి తెచ్చి ట్యాగు మీదే కూర్చోబెట్టాం. ఇంకోటి, ఏసీ బస్సు కాదని ట్యాగులో 'ఫాల్స్' రాస్తే ఏసీ ఛార్జీ వేసింది. ట్యాగులో రాసేదంతా అక్షరాలే, ఖాళీ కాని మాట ఏదైనా జావాస్క్రిప్టుకి నిజమే.

ఇప్పుడు నా దగ్గర ఒక ఖాళీ పేజీ ఉంది. కొత్త ముక్క వస్తే ముందు దాన్ని ఒంటరిగా, తర్వాత పాత వాటితో జతగా, ఆ తర్వాత స్క్రిప్టుల వరుస తారుమారు చేసి చూస్తాను. వరుస మారిస్తే రోగం చేతులు మారిందంటే, ఇద్దరూ ఒకే పేరు మీద కొట్టుకుంటున్నారని నా మొదటి అనుమానం.

వచ్చే నెల పేమెంట్ బటన్ రియాక్ట్ అనే ఇంకో సాధనంలో వస్తోందట, అదీ షాడో డామ్‌లోనే. రియాక్ట్ 16 అయితే టెన్షనే. అది క్లిక్కులన్నీ డాక్యుమెంట్ దగ్గర పట్టుకుంటుంది, షాడో డామ్ దాటి అక్కడికి చేరేసరికి లోపల నొక్కింది ఏ బటనో దానికి తెలియదు. 17 నుంచి షాడో డామ్ లోపలున్న తన రూట్ (తను అతుక్కున్న ట్యాగు) దగ్గరే పట్టుకుంటుంది కాబట్టి ఆ బాధ లేదు. వెర్షన్ ఎంత, ప్రాజెక్టు పేరేమిటి అని రెండే ప్రశ్నలతో మెయిల్ పెట్టాను. "లేటెస్టే మేడమ్" అని జవాబు వచ్చింది. పేరు అడిగి మళ్లీ మెయిల్ పెట్టాను.