బారెట్స్ చాపెల్, దాని సమాధుల తోట

డెలావేర్ రాజధాని డోవర్ నుంచి దక్షిణంగా వెళ్తూ వైమానిక స్థావరం దాటాక మొక్కజొన్న, సోయా చేలు మొదలవుతాయి. ఫ్రెడరికా అనే చిన్న ఊరికి కాస్త ఇవతల, సముద్రతీరానికి పోయే రహదారి పక్కనే బారెట్స్ చాపెల్ కనిపించింది. గోపురం లేని ఆ ఎర్ర ఇటుకల రెండంతస్తుల కట్టడాన్ని దూరం నుంచి చూసి స్తోమత గల రైతు ఇల్లనుకున్నా ఆశ్చర్యం లేదు. అమెరికాలో మెథడిస్టులనే ప్రొటెస్టెంట్ క్రైస్తవ శాఖవారు తమ కోసం కట్టుకున్న చర్చి భవనాల్లో నేటికీ నిలిచి ఉన్నవాటిలో ఇదే పాతది. ఫిలడెల్ఫియాలోని సెయింట్ జార్జెస్ ఇంతకన్నా పాతదే గానీ, దాన్ని వారు వేరే సంఘం నుంచి కొన్నారు.

కెంట్ కౌంటీ మాజీ షెరీఫ్ ఫిలిప్ బారెట్ ఇచ్చిన స్థలంలో 1780లో దీన్ని కట్టారు. అది స్వాతంత్ర్య యుద్ధకాలం. మెథడిస్టు ఉద్యమ స్థాపకుడు జాన్ వెస్లీ అమెరికన్ల తిరుగుబాటును ఖండించడంతో ఇక్కడి బోధకులపై అనుమానాలు ముసిరాయి. ఇంగ్లండు నుంచి వచ్చిన బోధకుల్లో చాలామంది తిరిగి వెళ్లిపోగా, మేరీల్యాండ్ రాష్ట్రం కోరిన విధేయతా ప్రమాణం చేయడానికి ఒప్పుకోని ఫ్రాన్సిస్ ఆస్‌బరీ డెలావేర్‌లో తలదాచుకున్నాడు. అంతకన్నా పెద్ద చిక్కు మరొకటి ఉంది: ఈ బోధకులెవరూ గురువులుగా అభిషేకం పొందినవారు కారు కనుక, బాప్తిస్మం కావాలన్నా ప్రభు సంస్కారం (రొట్టె, ద్రాక్షారసం పంచే ఆరాధన) తీసుకోవాలన్నా విశ్వాసులు ఆంగ్లికన్ (ఇంగ్లండు చర్చి) గురువు దగ్గరికే పోవలసి వచ్చేది.

ఆ చిక్కుముడి ఇక్కడే విడింది. 1784 నవంబరు 14న, వెస్లీ పంపిన డాక్టర్ థామస్ కోక్ ఈ వేదికపై ప్రసంగం ముగించాడో లేదో, సాదాసీదాగా, దృఢంగా ఉన్న ఒక వ్యక్తి పైకి వచ్చి ఆయనను ముద్దుపెట్టుకున్నాడు. అతడే ఆస్‌బరీ. ఆ తర్వాత జరిగిన ప్రభు సంస్కారంలో కోక్‌తో వచ్చిన బోధకుడు రిచర్డ్ వాట్‌కోట్ ద్రాక్షారసం పాత్రను చేతిలోకి తీసుకోవడం చూసి తాను ఎంతో ఆశ్చర్యపోయానని ఆస్‌బరీ తన దినచర్యలో రాసుకున్నాడు. వాట్‌కోట్‌కు వెస్లీ అభిషేకం చేసిన సంగతి ఆయనకు అప్పటికి తెలియదు మరి. ఆ చోటును గుర్తుచేస్తూ నేలలో ఒక నక్షత్రం పొదిగి ఉంది. దాని ముందు నేను చాలాసేపే నిలబడ్డాను. భోజనం బారెట్ భార్య ఇంట్లో జరిగింది. బారెట్ ఆ ఏడాదే అంతకుముందు మరణించాడు. బాల్టిమోర్‌లో క్రిస్మస్ నాటికి బోధకులందరినీ సమావేశపరచాలని అక్కడే నిశ్చయించారు. అమెరికా మెథడిస్టు చర్చి ఏర్పడింది ఆ సమావేశంలోనే.

వెనుకవైపు సమాధుల తోట విశాలంగా ఉంది. పాత పాలరాళ్లు వానకు అరిగిపోయి, కొన్నిటిపై పేర్లను చూపుతో కాక వేలితో తడిమి చదవాల్సి వచ్చింది. రాష్ట్ర గవర్నరుగా పనిచేసిన చార్లెస్ పోల్క్ ఇక్కడే ఉన్నాడు. ఆ నాటి కథానాయకులిద్దరూ మాత్రం లేరు: ఆస్‌బరీ సమాధి బాల్టిమోర్‌లో ఉంది, కోక్‌కు సమాధే లేదు. సిలోన్‌కు ఓడలో వస్తూ 1814లో మరణించడంతో ఆయనను హిందూ మహాసముద్రంలోనే నిమజ్జనం చేశారు. ఆయన బృందంలోని జేమ్స్ లించ్ 1817లో మద్రాసు చేరాడు. ఆ వెస్లియన్ మిషనే తర్వాతి కాలంలో హైదరాబాదు ప్రాంతానికి వచ్చి, 1924లో మెదక్‌లో పెద్ద చర్చిని నిలబెట్టింది.