హ్యాష్‌మ్యాప్ ఉండగా ఇంకోటి యాల?

అనంతపురం జేఎన్‌టీయూలో చదివే మా చిన్నాయన కొడుకు ఇంటర్వ్యూల టెన్షన్‌లో ఉన్నాడు. మొన్న ఫోన్ చేసి "జావాలో హ్యాష్‌మ్యాప్ ఉంది కదన్నా, మళ్లీ బయటి లైబ్రరీలు యాల?" అన్నాడు. హ్యాష్‌మ్యాప్ అంటే ఒక కీ ఇస్తే దానికి జతగా దాచిన విలువను తెచ్చిచ్చే పట్టిక, లైబ్రరీ అంటే వేరేవాళ్లు రాసిపెట్టిన కోడ్. ఫోన్‌లో సగమే చెప్పగలిగా, మిగతాది ఇక్కడ రాస్తున్నా.

నేను మ్యూనిక్‌లో గోడౌన్ల సాఫ్ట్‌వేర్ చేసే టీంలో ఉన్నా. వస్తువు నంబరు ఇస్తే స్టాకెంతో చెప్పే మ్యాప్ ఒకటుంది, కోట్ల ఎంట్రీలు, అన్నీ మెమరీలోనే. రెండువైపులా ఉత్త అంకెలే, కానీ జావా మ్యాప్ ఉత్త అంకెల్ని తీసుకోదు, ఒక్కో అంకెను ఇంటిజర్ ఆబ్జెక్టు అనే డబ్బాలో చుట్టి ఇవ్వాలి. మామూలు 64 బిట్ సెటప్‌లో 4 బైట్ల అంకె అలా 16 బైట్లవుతుంది, పైగా కీనీ విలువనీ జతగా పట్టుకునే నోడు ఎంట్రీకొకటి, అదో 32 బైట్లు. -128 నుంచి 127 దాకా అయితే జావా ముందే చేసిపెట్టిన ఆబ్జెక్టులే వాడుకుంటుంది గానీ మా నంబర్లు అంత చిన్నవా! చెనిక్కాయలు ఒలవకపోగా, కాయకో సంచి కుట్టి బండికెత్తినట్టుంటుంది.

ఫాస్ట్‌యూటిల్‌లో ఈ గోల లేదు. మిలాన్ యూనివర్సిటీ ప్రొఫెసర్ సెబాస్టియానో విన్యా రాసిన లైబ్రరీ అది, దాని మ్యాప్‌లో కీల కోసం ఒక ఇంట్ అర్రే (ఉత్త అంకెల వరస), విలువల కోసం ఇంకోటి, అంతే. గోల్డ్‌మన్ శాక్స్‌లో పుట్టి 2015లో ఎక్లిప్స్ ఫౌండేషన్‌కు చేరిన ఎక్లిప్స్ కలెక్షన్స్ అనే ఇంకో లైబ్రరీ కూడా చూశాం, కోడ్ రాయడానికి అదే హాయి, కానీ మాకు కావాల్సింది ఒక్క మ్యాపే.

కోడ్ మార్చడం ఎంతసేపు, ఇక్కడ ఒప్పించడమే పెద్ద పని. బెంగళూరులో లీడ్ "సరే కానీ" అంటే అయిపోయేది. ఇక్కడ లైసెన్స్ ఏంటి, రేపు నువ్వు మానేస్తే దీన్ని ఎవరు చూస్తారు, ఒక్క మ్యాప్ కోసం 20 ఎంబీ దాటిన జారా (లైబ్రరీ ఉండే ఫైలు) అని రాతపూర్వకంగా అడుగుతారు. బయటివాణ్ణని కాదు, ఎప్పట్నుంచో ఉన్న జర్మన్ సీనియర్‌నీ ఇట్లే పీక్కుతింటారు. ఉచితంగా వాడుకోనిచ్చే అపాచీ 2.0 లైసెన్స్ అనగానే లైసెన్స్ వాళ్లు వదిలేశారు. జార్ సైజు మాట మాత్రం న్యాయమే, అందుకే ఇంట్, లాంగ్, డబుల్ వరకే ఉండే చిన్న కోర్ జార్ తీసుకున్నాం. పైకి మామూలు మ్యాప్ ఇంటర్‌ఫేసే కనిపిస్తుంది, లోపలేముందో వాడేవాళ్లకు అక్కర్లేదు.

ఒక్కటి మాత్రం చూసుకోరా తమ్ముడూ. లేని కీ అడిగితే హ్యాష్‌మ్యాప్ నల్ (ఏమీ లేదు అని) ఇస్తుంది, ఫాస్ట్‌యూటిల్ ఇంట్ మ్యాప్‌ని ఇంట్‌గానే అడిగితే సున్నా ఇస్తుంది. స్టాకు అయిపోయిందా, అసలు ఆ వస్తువే లేదా అన్నది తెలీదు. మేం లేని కీకి ఇచ్చే ఆ డిఫాల్ట్‌ని -1 చేసి పెట్టుకున్నాం.