హిస్టరీ ఆప్షనల్: బాల్కన్ యుద్ధాలు నాకు లూమా కొండల్లో అర్థమయ్యాయి

ఫ్రెండ్స్, సివిల్స్ ఫైనల్ లిస్టులో నా పేరు చూసుకున్నప్పటి నుంచి కాళ్లు నేల మీద ఆనడం లేదు. చాలామంది ఆప్షనల్ పేపర్-2 గురించి అడుగుతున్నారు, అందుకే ఇది రాస్తున్నా. పేపర్-1కి మ్యాప్ రోజూ చేయండి, పాత ప్రశ్నలు రాసి చూసుకోండి, అంతే. ఇండియా భాగం ఎలాగూ అందరం చదివేదే.

నాకు తిప్పలు పెట్టింది వరల్డ్ హిస్టరీలో సామ్రాజ్యాల విచ్ఛిన్నం టాపిక్. బాల్కన్ యుద్ధాలంటే నోట్సుల్లో అర పేజీ. 1912 అక్టోబర్‌లో సెర్బియా, బల్గేరియా, గ్రీస్, మాంటెనెగ్రో కలిసి ఒట్టోమన్ల (తుర్కీ సామ్రాజ్యం) మీద పడ్డాయి, 1913 మే 30న లండన్ ఒప్పందం, అయిపోయింది. మరి మధ్యలో అల్బేనియా అనే దేశం ఎక్కడి నుంచి వచ్చింది?

మ్యాప్ ముందేసుకుని సెర్బియా సైన్యం వెంట నడిచాను. కొసావోలోని ప్రిజ్రెన్ పట్టణం దాకా సులువుగానే వచ్చారు. వాళ్లకు కావలసింది ఏడ్రియాటిక్ సముద్ర తీరంలో ఓడరేవు. దారిలో డ్రిన్ నది లోయ, పక్కనే, ఇప్పటి అల్బేనియా ఈశాన్యంలో, లూమా కొండలు. అక్కడి అల్బేనియన్ తెగలు నవంబర్‌లో ఆ సైన్యం మీద తిరగబడ్డాయి. ఆ పోరాటంలో ముందున్న ఇసా బొలెటిని, బైరామ్ త్సుర్రి అదే ఏడాది ఎండాకాలంలో ఒట్టోమన్ల మీద తిరుగుబాటు నడిపినవాళ్లే! అక్కడే నాకు విషయం తలకెక్కింది. పన్నులు, సైన్యంలో నిర్బంధ చేరిక, ఆయుధాలు లాక్కోవడం చూసి ఒట్టోమన్ ప్రభుత్వాన్ని నడిపిన యంగ్ టర్కులను ఎదిరించినవాళ్లు, సెర్బియా వస్తే ఊరుకుంటారా? వాళ్ల పట్టుదల సుల్తాన్ కోసం కాదు, తమ నేల కోసం.

సెర్బియా సైన్యం చివరికి తీరంలోని డుర్రెస్ ఓడరేవు చేరింది, కాదనను. కానీ అంతకు ముందురోజే, నవంబర్ 28న, వ్లోరా పట్టణంలో అల్బేనియన్ నాయకుడు ఇస్మాయిల్ కెమాలి స్వాతంత్ర్యం ప్రకటించేశారు. డిసెంబర్‌లో లండన్‌లో యూరప్ పెద్ద రాజ్యాల రాయబారులు కూర్చునేసరికి అల్బేనియా ఒక ప్రశ్నగా వాళ్ల ముందుంది.

'ఇంత చిన్న విషయానికి ఇన్నాళ్లా, సిలబస్ ఎప్పుడు అవుతుంది' అని తోటివాళ్లు టెన్షన్ పెట్టారు. నేను చేసింది సరైనదేనని ఇప్పటికీ అంటాను. ఒక్క లోయ గట్టిగా తెలిశాక ఆస్ట్రియా, రష్యా, సెర్బియాల గొడవ, 1914లో మొదటి ప్రపంచ యుద్ధానికి దారి, అన్నీ వాటంతటవే వరుసలోకి వచ్చాయి. పది పుస్తకాలు తిరగేయడం క్రమశిక్షణ కాదు. అర్థమయ్యేదాకా ఒక్కచోట కదలకుండా కూర్చోవడం క్రమశిక్షణ. ఫోన్ పక్కన పెట్టి ఆ పని చేయండి.

ఇంకో మాట. 1913 సెప్టెంబర్‌లో లూమాలో, దాని దగ్గరి దిబ్రా ప్రాంతంలో సెర్బియా మీద మళ్లీ లేచిన తిరుగుబాటును వదలొద్దు. దాన్ని అణచడానికి సెర్బియా మళ్లీ అల్బేనియా లోపలికి వెళ్లింది, అక్టోబర్‌లో ఆస్ట్రియా-హంగరీ అల్టిమేటం ఇచ్చాకే వెనక్కి తగ్గింది. అలాగే అల్బేనియా సరిహద్దుల గురించి అడిగితే హోటి, గ్రుడా తెగల పేర్లు రాయండి. 1911లో ఒట్టోమన్ల మీద తిరగబడి మాంటెనెగ్రోలో తలదాచుకున్న కొండ జనంలో వాళ్లూ ఉన్నారు. 1913లో రాయబారులు వాళ్ల నేలనే ఆ మాంటెనెగ్రోకు రాసిచ్చారు.